నూనె లేని పత్తి

మా అమ్మకు నా ఉద్యోగం గురించి నలుగురికి చెప్పుకోవడం ఎప్పుడూ ఒక చిక్కే. నర్సింహులపేటలో మా వాడకట్టు ఆడవాళ్లు ఏ పెళ్లిలోనో కలిసి, నీ బిడ్డ జనగామలో ఏం పని చేస్తుందని అడిగితే, ఆమె కాసేపు ఆలోచించి, "ప్లాస్టిక్ కాలవెట్టి రాస్తది" అంటుంది. విన్నవాళ్లు ఆమె ముఖంలోకి జాలిగా చూస్తారు. డిప్లొమా దాకా చదివించిన పిల్ల చివరికి చెత్త తగలబెట్టే పనికి కుదిరిందా అని వాళ్ల బాధ. ఒకసారి నేను ఇంటికి వెళ్లినప్పుడు ఒక పెద్దమ్మ నా చేతులు తిప్పి తిప్పి చూసి, బొబ్బలేమీ లేవని నిరాశపడింది కూడా.

మా అమ్మ చెప్పింది అబద్ధమేమీ కాదు. నేను నిజంగానే ప్లాస్టిక్ కాల్చి రాస్తాను. జనగామ నుంచి రఘునాథపల్లి పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న షెడ్డు మాది. బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలకు మూతలు, లోపల వైర్లు బిగించే దిమ్మెలు అక్కడ తయారవుతాయి. అవి భూపాలపల్లిలోని ఒక వర్క్‌షాపుకు వెళ్లి, అక్కడ డబ్బాలుగా మారి, పొలాలకూ మిల్లులకూ చేరతాయి. కరెంటు ఉన్నచోట ఎప్పుడో ఒకప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వ మూతకు తగిలినా మూత తనంతట తానే ఆరిపోవాలి గానీ పక్కదానికి అంటించకూడదు. అలా ఆరిపోతుందని ప్రతి దఫా సరుకుకూ పరీక్ష చేసి, ఫలితం కాగితం మీద పెట్టి, ఫ్యాక్టరీల భద్రత చూసే ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు చూపించాలి. నా జీతం అందుకే.

పరీక్ష చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. మూతలు పోసే ప్లాస్టిక్ గింజలతోనే వేలెడంత సన్నటి పట్టీలు కొన్ని పోయించుకుంటాను. వాటిని తేమ, వేడి మారని పెట్టెలో రెండు రోజులు ఉంచుతాను. తర్వాత గాలి తగలని ఒక డబ్బాలో స్టాండుకు ఒక పట్టీని నిలువుగా వేలాడదీసి, దాని కింద పొడి పత్తి పలచగా పరిచి, పట్టీ అడుగున బర్నర్ మంట పెట్టి తీసేస్తాను. పట్టీ గబుక్కున ఆరిపోవాలి. కరిగిన చుక్క రాలి కింద పత్తి అంటుకుందంటే ఆ సరుకు పనికిరాదు. మిగిలిన పట్టీలను పాకెట్లలో కట్టి, పత్తి చుట్టతో పాటు బీరువాలో దాస్తాను. ఇన్‌స్పెక్టర్ తనకు నచ్చిన పాకెట్ తీసి, ఇది కాల్చి చూపించమని అడగవచ్చు. పట్టీకి చేతి జిడ్డు కూడా అంటకూడదని గ్లవ్స్ వేసుకునే ముట్టుకుంటాను.

షెడ్డులో ఆడవాళ్లు దీనికి కాలుడు పరీక్ష అని పేరు పెట్టారు. పెద్ద మిషన్ నడిపే అక్క టేకుమట్ల నుంచి వచ్చి, పిల్లల్ని జనగామ బడిలో వేసి, ఇక్కడే కాపురం పెట్టింది. పొద్దున్నే పొయ్యి ముట్టించి వచ్చే నేనూ, ఇక్కడ బర్నర్ ముట్టించే నువ్వూ చేసేది ఒకటే పని, జీతమే వేరు అని నన్ను రోజూ ఏడిపిస్తుంది. నేను ఊరుకునే రకం కాదు. నీ పొయ్యి కింద పత్తి పెట్టి చూడు, తేడా తెలుస్తుందని తిరిగి అంటిస్తాను.

షెడ్డు యజమానిది జనగామలో తరాలుగా కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్న కుటుంబం. అందరూ ఆయన్ను సేటు అంటారు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషి, నా పరీక్ష సామాన్లకు మాత్రం ఒక్కసారీ ఎందుకని అడగలేదు. ఆయనకు ఈ షెడ్డంటే ప్రాణం. వాళ్ల ఇంట్లో త్రాసు వదిలి మిషన్ పట్టుకున్న మొదటివాడు ఆయనే.

చిక్కంతా ఆయన తల్లితో. మేమందరం అవ్వా అనే పిలిచేవాళ్లం. పొట్టి మనిషి, రూపాయి బిళ్లంత బొట్టు, నడుముకు తాళాల గుత్తి. దుకాణం తాళాలు, ఇంటి తాళాలు, షెడ్డు తాళాలు, నా బీరువా రెండో తాళం, అన్నీ ఆ గుత్తిలోనే. ఆమెకు ప్లాస్టిక్ పని మొదటి నుంచీ ఇష్టం లేదు. సేటు చిన్నప్పుడు వాళ్లకు పత్తి గోదాం ఉండేదట. ఒక ఎండాకాలం అది అంటుకుంది. సేటు తండ్రి బిందెలతో నీళ్లు పోస్తూ, పోస్తూ, చివరికి ఖాళీ బిందె పట్టుకుని నిలబడిపోయాడట. ఆ తర్వాత ఆయన మంచం పట్టి మళ్లీ లేవలేదు. అప్పటి నుంచీ అవ్వకు మంట అంటే దేవుడి దగ్గర దీపం ఒక్కటే. అంతకు మించి కనిపిస్తే వణికిపోయేది.

అందుకే ఆమె కొడుకు దగ్గర మాట తీసుకుంది. భద్రత ఇన్‌స్పెక్టర్ ఈ ఏడు కాగితం మీద సంతకం పెట్టకపోతే షెడ్డు బందు. మిషన్లు అమ్మేసి మళ్లీ దుకాణంలో కూర్చోవాలి. సేటు తల్లి చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నాడు. అంటే టేకుమట్ల అక్క పిల్లల్ని బడి మాన్పించి మళ్లీ పత్తి ఏరడానికి ఊరికి పోవాలి. నేను హైదరాబాద్‌లో ఏదో హాస్టల్ మంచం వెతుక్కోవాలి. అందరి బతుకూ ఆ కాగితం మీదికి వచ్చింది.

అలాంటి రోజుల్లో దసరా వచ్చింది. సద్దుల బతుకమ్మ ఆడటానికి నేను ముందే మహబూబాబాద్ రైలెక్కి నర్సింహులపేట పోయాను. షెడ్డులో ఆయుధ పూజ అవ్వ దగ్గరుండి చేయించింది. నేను తిరిగి వచ్చేసరికి షెడ్డంతా కర్పూరం, బంతిపూలు, కొబ్బరి వాసన. మిషన్లకు పసుపు కుంకుమ, మామిడాకుల తోరణాలు. నా పరీక్ష డబ్బాకు కూడా బొట్టు పెట్టి, బర్నర్ మెడలో చిన్న దండ వేసింది. నాకు నవ్వొచ్చింది. దండ తీసి పక్కన మిషన్‌కు వేశాను. బొట్టు మాత్రం తుడవబుద్ధి కాలేదు.

ఆ పొద్దున్నే, చెప్పా పెట్టకుండా ఇన్‌స్పెక్టర్ దిగారు. ఆయనది కోస్తా వైపు. సన్నటి మనిషి, కళ్లజోడు ముక్కు చివర, మాట తక్కువ. సేటు ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. ఆయన దాన్ని జాగ్రత్తగా జేబులో దాచుకుని పనిలో పడ్డారు. ఇసుక బకెట్లు, బయటికి పోయే దారి, స్విచ్ బోర్డులు, ఒక్కటీ వదలకుండా చూశారు. ఆ తర్వాత నా కాగితాలు తిరగేశారు. కాగితాల్లో నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాదని నాకు గట్టి నమ్మకం. చేతులు కట్టుకుని దర్జాగా నిలబడ్డాను.

ఆయన బీరువాలోంచి ఒక పాకెట్ తీసి నా చేతికిచ్చి, ఒకటి కాల్చి చూపించమన్నారు. గ్లవ్స్ వేసుకుని పట్టీ వేలాడదీశాను. పట్టీ భలే మెరుస్తోంది. పండక్కి ఎవరో దుమ్ము దులిపి పెట్టారనుకున్నాను. కింద పత్తి పరిచాను. అప్పుడే అవ్వ గారెలు, పరమాన్నం ఉన్న పళ్లెంతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను బర్నర్ పెట్టి, తీశాను.

మంట ఆరలేదు. పట్టీని పట్టుకుని పైకి పాకింది. కింద ఏదో చుక్క రాలింది, పత్తి భగ్గున లేచింది. ఆ మంట మళ్లీ పట్టీని కింది నుంచి నాకడం మొదలుపెట్టింది. నేను డబ్బా మూసి ఊపిరాడకుండా చేస్తే గానీ ఆరలేదు.

అవ్వ పళ్లెం కింద పెట్టేసి కొడుకు వైపు తిరిగింది. "సూసినవా కొడకా. నేను ముందుగాల్నే జెప్పలే?" అంది. మిషన్ దగ్గర టేకుమట్ల అక్క చెయ్యి మీటల మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ క్షణంలో ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఇంకొకటి చూద్దాం సార్ అని బతిమాలాను. మరో పాకెట్ తెరిచాను. ఆ పట్టీ కూడా అలాగే మండింది. వేరే నెలలో వచ్చిన సరుకు, వేరే బస్తా, రెండూ ఒకేలా ఎందుకు మండుతాయి? నా చేత్తో కాల్చి, నా కళ్లతో చూసి రాసినవి. డబ్బా మూత తీసి లోపలికి వంగాను. ప్లాస్టిక్ కాలితే గొంతులో చేదుగా గుచ్చుకునే పొగ నాకు బాగా అలవాటు. ఇది అది కాదు. మా ఇంట్లో దేవుడి అర్రలో దీపం కొండెక్కినప్పుడు వచ్చే వాసన. గ్లవ్ తీసేసి మిగిలిన పత్తి చుట్టను వేళ్లతో నలిపాను. వేళ్లు జిడ్డయ్యాయి. నువ్వుల నూనె.

నేను మెల్లగా అవ్వ వైపు తిరిగి, బీరువా ఏమైనా తెరిచావా అని అడిగాను. ఆమె తడబడలేదు, పైగా కాస్త గర్వంగా నిలబడింది.

"తెరిచిన. పూజకు తెరవద్దా? నువ్వు పత్తి పెడ్తవు, అగ్గి ముట్టిస్తవు, నూనె సుక్క ఉండది. నూనె లేని పత్తి ముట్టిచ్చుడు ఇంటికి మంచిది గాదు బిడ్డా. సిన్నపిల్లవు, నీకు తెల్వదని నేనే జర నూనె వోసిన."

పట్టీల సంగతి అడిగితే, అవి ఎండిపోయినట్టు కనిపించాయనీ, బట్టతో నూనె అద్ది ఒక్కొక్కటీ తుడిచి ఎక్కడివక్కడ పెట్టాననీ చెప్పింది. ఎంత మంచిగా మెరుస్తున్నాయో చూడమంది. ఎప్పుడో ఒకసారి షెడ్డుకు వచ్చినప్పుడు నా పరీక్ష చూసి, పొడి పత్తికి నిప్పు పెడుతున్నానని అప్పటి నుంచీ లోలోపల పరేషాన్ అవుతోందట. టేకుమట్ల అక్క గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు ఎందుకు కదులుతున్నాయో నాకు తెలుసు. నాకు ఒకవైపు ఏడుపు, ఒకవైపు నవ్వు, మధ్యలో కోపం. అవ్వ ఇంట్లో ఒత్తిని ఎంత శ్రద్ధగా చేస్తుందో అంత శ్రద్ధతో నా పరీక్షను దీపం చేసి పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నాతో, "నేను చూసిందే రాస్తానమ్మా. నూనె రాసిన పట్టీ మండిందని రాయగలను. నూనె లేనిది ఆరిపోతుందని రాయాలంటే అది కూడా నా కళ్లతో చూడాలి కదా" అన్నారు.

చూపిస్తాను సార్ అన్నాను. టేకుమట్ల అక్క అప్పటికే మిషన్‌కు పట్టీల అచ్చు బిగించడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టర్ ఎదురుగానే బస్తా విప్పి, గింజలు పోసి, కొత్త పట్టీలు తీశాం. వాటిని పెట్టెలో ఉంచి, మూత మీద కాగితం అతికించి ఆయన సంతకం చేశారు. ఎల్లుండి వస్తానన్నారు. పోతూ పోతూ అవ్వ పెట్టిన గారె ఒకటి తిని, బాగుందన్నారు. అవ్వ ముఖం మాత్రం విప్పారలేదు.

బీరువాలో పాత పాకెట్లన్నీ పాడైనట్టే. అవ్వ చెయ్యి తగలని పట్టీ ఒక్కటీ లేదు. బస్తాల అడుగున మిగిలిన గింజలు వెతికి మళ్లీ పోయించుకుంటూ, నేను ఆ రెండు రోజులూ గొణుగుతూనే ఉన్నాను. ఇల్లంతా తలంటు పోసుకున్నట్టు పట్టీలకు కూడా పోయాలా అని అక్క దగ్గర విసుక్కున్నాను. అక్క తాపీగా, అవ్వకు మన షెడ్డు మంచిగుండాలనే ఉందిగా అంది. ఆ మాటతో నేను మళ్లీ గింజల బస్తా విప్పుకున్నాను.

అసలు భయం వేరే ఉంది. రెండో రోజు సాయంత్రం సేటు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కాగితం వస్తుందనే అనుకుంటున్నాను, కానీ అమ్మ నిన్నటి నుంచీ సరిగ్గా అన్నం తినడం లేదు అన్నాడు. ఆమె కంటికి ఆ మంటే కనిపిస్తోందట. ఇచ్చిన మాట కాగితం గురించే అయినా, తల్లి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటే తాను షెడ్డు నడపలేనన్నాడు. ఆయన గొంతు వింటే నాకు చాలా బాధేసింది. పరీక్షలో నెగ్గడం నా చేతిలో పని. అవ్వ భయాన్ని ఏ డబ్బాలో పెట్టి కొలవాలో నాకు తెలియదు.

ఇన్‌స్పెక్టర్ చెప్పినట్టే వచ్చారు. అవ్వను కూడా తీసుకురమ్మని నేనే సేటుకు చెప్పాను. ఆమె వచ్చి, చేతులు కొంగులో పెట్టుకుని, కుర్చీలో కాకుండా గుమ్మం పక్కన నిలబడింది. కొత్త పత్తి చుట్ట విప్పాను. పెట్టె మూత మీద సంతకం చేసి అతికించిన కాగితాన్ని ఇన్‌స్పెక్టరే చించారు. పట్టీ వేలాడదీసి, మంట పెట్టి తీశాను. పట్టీ కొన రెండుసార్లు రెపరెపలాడి టక్కున ఆరిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆరిపోయింది. కింద పత్తి మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఆయన అడిగినన్ని కాల్చాను. అన్నీ అంతే. ఆయన సంతకం పెట్టి, బీరువాకు ఇకమీద ఒకటే తాళం ఉంటే మంచిదని సేటుకు మెల్లగా చెప్పారు. మిషన్ల దగ్గర ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

అవ్వ కొట్టలేదు. సేటు కాగితం చూపిస్తే తల ఊపింది గానీ చేతిలోకి తీసుకోలేదు. నా దగ్గరికి వచ్చి డబ్బాలోకి తొంగి చూసింది.

"మోటరు కాడ నూనె వడదా బిడ్డా? గ్రీసు అంటదా? గప్పుడెట్ల?" అంది.

బ్యాగు సర్దుకుంటున్న ఇన్‌స్పెక్టర్ ఆగారు. ఆమె అడిగింది న్యాయమే. పొలంలో స్టార్టర్ డబ్బా మీద నూనె పడుతుంది, గ్రీజు చేతులతో రైతు మూత తీస్తాడు. నేను చేసే పరీక్షలో దానికి చోటు లేదు. నూనె కాలిపోయాక పట్టీ ఆరిపోవాలి, లెక్క ప్రకారం ఆరిపోతుంది అన్నాను. మొన్న అది ఆరకపోవడానికి కింద నూనె పత్తి మండుతూ ఉండటమే కారణమని కూడా చెప్పాను. ఆమె ఒక్కటే మాట అంది. "జెప్పుడు గాదు. ముట్టియ్యి."

ఆమె నూనె రాసిన పాత పట్టీల్లోంచి ఆమే ఒకటి ఏరి ఇచ్చింది. నేను దాన్ని వేలాడదీశాను. కింద పొడి పత్తి పరిచాను. అలాంటి పట్టీని పొడి పత్తి మీద నేనెప్పుడూ కాల్చి చూడలేదు. ఆరకపోతే నా దగ్గర చెప్పడానికి మాట మిగలదు. ఆయన సంతకం ఉన్నా షెడ్డు ఉండదు. ఆగమని సేటు కళ్లతోనే అంటున్నట్టనిపించింది. అయినా బర్నర్ పెట్టి తీశాను.

మంట పైకి లేచింది. పట్టీ నడుము దాకా పాకింది. అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. నేను డబ్బా మూత మీద చెయ్యి వేశాను గానీ మూయలేదు. మంట పసుపుగా, పొడుగ్గా ఊగింది. ఊగి ఊగి సన్నబడింది, నీలంగా మారి పట్టీ అంచున ఒక చుక్కలా నిలబడింది, ఆ తర్వాత అదీ లేదు. పట్టీ నల్లగా వేలాడుతోంది. కింద పత్తి కందలేదు.

అవ్వ నా భుజం వదిలి, వంగి పత్తిని వేలితో తాకి చూసింది. ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా తల ఊపి, ఇది నా కాగితంలో లేదు గానీ చూసినందుకు సంతోషం అని చెప్పి బయటికి నడిచారు. సేటు ఆయన్ను సాగనంపడానికి పోలేదు. తల్లి పక్కనే నిలబడ్డాడు.

"అగ్గి దానంతట అదే ఆరుడు నేను ఇయ్యాల్నే సూస్తున్న," అంది అవ్వ. కొంచెం ఆగి, "మీ నాయిన సూడకపాయె కొడకా," అంది.

సేటు తల దించుకున్నాడు. ఆమె కొడుకు చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి, అతని జేబులో పెట్టి, ఇక షెడ్డు మంచిగా నడుపుకోమంది. ఆమె ఇంకా డబ్బా వైపే చూస్తోంది. నేను గ్లవ్స్ సరిచేసుకుని, ఆమె అడగకముందే మరో పట్టీ తగిలించాను.